ఐరేని కుండలు తీసుకుపోయేవాళ్లు

నాంపల్లి, హైదరాబాదు
15 నవంబరు 1963

పూజ్యురాలైన యాదవ్వ వదిన గారికి,

మరదలు విమల నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు, అన్నగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఈ మాట రాసి చాలాసేపు ఆగాను. బాగున్నామని రాయడం అలవాటు, అంతే. అది నిజం కాదు. నేను నాలుగో తరగతి వరకే చదివాను. తప్పులుంటే మన్నించండి. మీకు ఉత్తరాలు ఎదురింటి టీచరమ్మ చదివి వినిపిస్తారని మీ తమ్ముడు చెప్పారు. ఆమె ముందు ఇంటి సంగతి పెట్టాలంటే సిగ్గుగా ఉంది. కానీ ఇంకెవరికి చెప్పుకోను?

మామయ్య పోయాక అత్తమ్మను ఇక్కడికి తెచ్చుకున్నాం కదా. మొదట్లో మాట్లాడకపోతే దుఃఖమనుకున్నాం. ఇప్పుడు పొద్దు వాలగానే చీరలు మూట కట్టుకుని తలుపు దగ్గర నిలబడుతున్నారు. "పొద్దుగూకుతున్నది, మా ఇంటికి పోవాలె" అంటారు. ఇదే మన ఇల్లు అత్తమ్మా అంటే నా మొహంలోకి చూస్తారు. "నువ్వెవ్వల బిడ్డవే? నన్నెందుకు పట్టుకున్నవ్?" అని అడుగుతారు.

పోయిన వారం ఆమె స్టేషన్ దాకా వెళ్లిపోయారు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏ రైలు వచ్చినా లేచి నిలబడుతుంటే ఒక కూలీ అడిగి అడిగి ఇల్లు కనుక్కుని తెచ్చాడు. అప్పటి నుంచి మీ తమ్ముడు ఆబిడ్స్‌లో బట్టల దుకాణానికి పోయేటప్పుడు ముందు తలుపుకూ దొడ్డి తలుపుకూ బయట తాళం వేసుకుని పోతున్నారు. లోపల ఆమె, నేను. పక్క పోర్షన్‌లో ఉండే జయమ్మ కిటికీలోంచి నీళ్లు అందిస్తుంది. "ఏందే విమలా, జైలు నీకా, మీ అత్తకా?" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. సాయంత్రం అత్తమ్మ రెండు చేతులతో తలుపు బాదుతారు. నేను పొయ్యి మూలన కూర్చుని చెవులు మూసుకుంటాను. ఆ చేతులు నా మీదికి తిరిగితే ఎటు పోవాలో నాకు తెలియదు.

ఉస్మాన్‌గంజ్ నుంచి రాజనర్సు బావ వచ్చి చూశారు. ఇంటికి పెద్ద కొడుకు కదా, ఆయన మాటే మాట. "ఇంకొక్కపాలి బయటికి పోయిందంటే పిచ్చి దవాఖానల ఏసుడే. తమ్మీ, నేను చెప్తున్న" అని వెళ్లారు. అక్కడ ఏం చేస్తారో నాకు తెలియదు. అక్కడికి పోయిన వాళ్లెవరూ తిరిగి ఇంట్లో అన్నం తిన్నట్టు వినలేదు.

మీరు ఆమె కడుపున పుట్టారు. ఏం చేయాలో చెప్పండి. లేకుంటే కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకుంటారా?

మీ మరదలు,
విమల


సిద్దిపేట
28 నవంబరు 1963

చి. సౌ. విమలకు,

యాదవ్వ చెప్పగా ఎదురింటి ప్రభావతి రాసినది. కొన్ని మాటలు ఆమె అన్నట్టే ఉంచాను.

నీ ఉత్తరం విన్నాను. మా అవ్వకు ఏమీ కాలేదు. పట్నంలో గదిలో పెట్టి తాళం వేస్తే నీకు కూడా గట్లనే అయితది. పని చేసిన చేతులు ఖాళీగుంటే తలుపులే బాదుతయి.

మా అవ్వ ఐరేని కుండలు రాసే మనిషి. మీ నాయన రైల్వేలో చేరి కుమ్మరి సారెను మరిచాడు, నువ్వు పట్నంలో పెరిగావు, నీకు చెప్పాలి. పెండ్లిలో దేవుని ముందు నిలబెట్టే రంగుల కుండలు అవి. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెండ్లయినా వాటి మీద రాత మా అవ్వదే. సున్నం, జాజు, పసుపు, నీలిమందు, ఇంతే కావలసింది. కుండలు తెచ్చి ఆమె ముందు పెట్టు. పక్కన కూర్చో. "ఇది యాదికున్నదా" అని మాత్రం అడగకు. అట్లా అడిగితే లేనిది వెతుక్కుని మనిషి బెదురుతుంది. "ఇది ఎట్ల రాస్తరు" అని అడుగు. నేర్చుకునేదాని లెక్క అడుగు.

నా దగ్గరికి పంపడం కుదరదు. మా ఇల్లు ఇరుకు.

నీ వదిన,
యాదవ్వ

(విమలా, ఈ ముక్క ఆమె చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. ఇల్లు ఇరుకని చెప్పేటప్పుడు వాళ్లాయన గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన పోయాక చాలాసేపు ఏడ్చింది. – ప్రభావతి)


నాంపల్లి
6 జనవరి 1964

పూజ్యురాలైన వదిన గారికి,

నమస్కారాలు. ప్రభావతి గారికి కూడా.

మీ తమ్ముడు స్టేషన్ బయట అమ్మే కుండలు ఐదు తెచ్చారు. బావతో చెప్పలేదు. కుండలు అత్తమ్మ ముందు పెట్టి నేను తలుపు పక్కకు జరిగాను, విసిరికొడతారేమోనని. ఆమె ఒకదాన్ని ఒళ్లోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. పక్కన పెట్టారు. రెండోదాన్ని కొట్టి మొహం చిట్లించారు.

"ఇది కాలలే. ఎవడు కాల్చిండు దీన్ని? వాని చేతులు పడిపోను!"

"నేను కాదవ్వా, నేను కొనుక్కొచ్చిన" అన్నారు మీ తమ్ముడు భయపడ్డట్టు. ఆమె నవ్వారు. ఆయన నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

కుంచెకు వేపపుల్ల అడిగారు. పళ్లు లేవు కదా, నన్ను నమలమన్నారు. "మెత్తగ నములు పోరీ. బర్రె గడ్డి నమిలినట్టు కాదు." మీరు చెప్పినట్టే అడిగాను, ఇది ఎట్లా రాస్తారని. "ముందుగాల సున్నం. సున్నం ఆరెదాంక చెయ్యి పెట్టొద్దు, నోరు సుత పెట్టొద్దు" అన్నారు. సున్నం ఆరాక ఆమె నోరే ఆగలేదు. ఏ పెండ్లిలోనో వాన పడి, కుండలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ల మొహాల మీదికి జాజు కారిందట. ఆ ఎర్రటి మొహాలతో వాళ్లు పందిట్లోకి పోతే పెండ్లికొడుకు భయపడి పీట మీది నుంచి లేచాడట. చెప్పి, ఆమే గుక్క తిప్పుకోకుండా నవ్వారు. మరునాడు అదే కథ మళ్లీ చెప్పారు. నేను మళ్లీ కొత్తగా విన్నాను.

నా పేరు ఇప్పటికీ తెలియదు. "సున్నం పోరీ" అని పిలుస్తున్నారు. ఏదో ఒక పేరు దొరికింది నాకు.

తాళం తీసేశారు. పూర్తయిన కుండల్ని నేను గూట్లో వరుసగా పెట్టాను. ఎంత అందంగా ఉన్నాయో! ఇంటి యజమాని లక్ష్మణరావు గారు కూడా కిరాయి వసూలుకు వచ్చి, వాటినే చూస్తూ నిలబడ్డారు.

ఒక్కటే అర్థం కాదు. సాయంత్రం కాగానే అత్తమ్మ గూటి వైపు చూసి, "ఇంక రాలేదా?" అని అడుగుతారు. ఎవరు అత్తమ్మా అంటే మళ్లీ సందు వైపు చూస్తారు.

మీ మరదలు,
విమల


నాంపల్లి
1 ఫిబ్రవరి 1964
(కార్డు)

వదిన గారికి నమస్కారాలు. అత్తమ్మ ఆరోగ్యంగా ఉన్నారు. కుండలు రాయడం మానేశారు. ఇక్కడి సంగతులు మీ తమ్ముడు, బావగారు చూసుకుంటున్నారు. మీరు ఫికరు చేయవద్దు. రానవసరం లేదు.
– విమల


సిద్దిపేట
6 ఫిబ్రవరి 1964

విమలా,

కార్డు రెండుసార్లు చదివించుకున్నాను. అక్షరం నీదేనట, ప్రభావతమ్మ చెప్పింది. మాట నీది కాదు. ఎవరో పక్కన నిలబడి చెబుతుంటే రాసినట్టున్నది. పక్కన మనిషి నిలబడితే మాట ఎట్లా అయితదో నాకు తెలుసు.

కుండలు ఎందుకు మానింది? రాసిన కుండలు ఏం చేశారు? ఎవరు తీసుకుపోయిన్రు? ఉన్నది ఉన్నట్టు రాయి. ఇక్కడ నవ్వేవాళ్లు ఎవరూ లేరు.

యాదవ్వ


నాంపల్లి
12 ఫిబ్రవరి 1964

వదినా,

ఆ కార్డు మీ తమ్ముడు చెబితే రాశాను. ఈ ఉత్తరం ఆయనకు తెలియదు. జయమ్మ కిటికీలోంచి తీసుకుని డబ్బాలో వేస్తుంది. అవును, మళ్లీ తాళం పడింది.

ఐదో కుండ పూర్తయిన రోజు అత్తమ్మ తలంటుకున్నారు. మంచి చీర కట్టుకుని గడపలో కూర్చున్నారు. మాఘమాసం కదా, మా సందులోంచి పెండ్లి బ్యాండు పోయింది. చప్పుడు దగ్గరికి వస్తుంటే ఆమె లేచి కొంగు సర్దుకున్నారు. బ్యాండు మా ఇంటి ముందు ఆగకుండా వెళ్లిపోయింది. "మర్చిపోయిన్రు" అన్నారు. ఆ గొంతు విని కూడా నాకు బుద్ధి రాలేదు. వస్తారులే అత్తమ్మా అని ఊరికే అనేసి, బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి గడప ఖాళీ. గూడు ఖాళీ.

పెళ్లయ్యాక నేను ఒక్కదాన్ని సందు చివర దాటలేదు. ఆ రోజు చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఎవరినైనా అడగాలంటే నోరు రాదు. నా వాలకం చూసి ఒక రిక్షా అతనే, "ముసలవ్వనా? రంగుల కుండలు ఎత్తుకున్నది? ఆబిడ్స్ దిక్కు పోయిందమ్మా" అన్నాడు. ఆబిడ్స్ అనగానే కాళ్లు ఆగిపోయాయి. మీ తమ్ముడు పనిచేసే దుకాణం అక్కడే.

నడి రోడ్డు మీద గుండ్రంగా జనం. అటూ ఇటూ బస్సులు, మోటార్లు, హారన్లు. మధ్యలో అత్తమ్మ. నెత్తి మీద మూడు కుండలు పేర్చుకుని, చంకల్లో రెండు. "పెండ్లోళ్ల ఇల్లేది బిడ్డా? పొద్దు పోతున్నది" అని కనబడ్డ వాళ్లనల్లా అడుగుతున్నారు. కాలేజీ పిల్లవాడొకడు, "ఈడ దినాం పెండ్లే అవ్వా, నీకు ఏ పెండ్లి గావాలె?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను వెళ్లి చేయి పట్టుకున్నాను. ఇంటికి పోదాం అన్నాను. "రాసిన ఐరేని మళ్ల ఇంటికి తెస్తరానే? బుద్ధున్నదా నీకు? ఆ పిల్ల బతుకు ఏంగావాలె?" అని గింజుకున్నారు. నేను లాగాను. నేనే లాగాను వదినా. పై కుండ జారి పగిలింది.

ఆమె అరిచిన అరుపు నేను చావు ఇంట్లో కూడా వినలేదు. దుకాణాల్లోంచి మనుషులు బయటికి వచ్చారు. వాళ్లలో బట్టల దుకాణం సేటు, ఆయన వెనక మీ తమ్ముడు. మీ తమ్ముడు రిక్షా పిలిచారు. దారంతా మా ఇద్దరి వైపూ చూడలేదు.

హోలీ వెళ్లాక వచ్చే ఆదివారం బావ వచ్చి ఆమెను దవాఖానకు తీసుకుపోతారు. డాక్టరు చిట్టీ కూడా తెచ్చుకున్నారట.

ఇప్పుడు అత్తమ్మ తలుపు బాదడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ చూస్తూ కూర్చుంటారు. అన్నం నోట్లో పెడితే నమలడం మరిచిపోతారు. నేను దగ్గరికి పోతే ముడుచుకుపోతారు. ఇన్నాళ్లు నేను ఆమెకు భయపడ్డాను. ఇప్పుడు ఆమె నాకు భయపడుతున్నారు. ఇది దానికంటే ఘోరంగా ఉంది.

మిగిలిన నాలుగు కుండలు మళ్లీ గూట్లోనే ఉన్నాయి.

విమల


సిద్దిపేట
18 ఫిబ్రవరి 1964

విమలా, తల్లీ,

ఈ రోజు ఆయన సంతకు పోయాడు. నోరు తెరిచి చెప్పగలుగుతున్నాను. ఆయన ఒప్పడు. నేను వస్తానన్నా బస్సు ఎక్కనివ్వడు. మా అవ్వకు అక్కడ నువ్వు తప్ప దిక్కు లేదు.

మాకు ఇది ఊపిరి తీసుకునే పని లాంటిది, అందుకే నీకు విడిగా చెప్పాలని తోచలేదు. రాసి ముగించిన ఐరేని కుండ కుమ్మరింట్లో పొద్దుగూకే వరకు ఉండకూడదు. పెండ్లివాళ్లు డప్పులతో రావాలి. గడపకు పసుపు రాయాలి. రాసినామెకు ఒడిబియ్యం పోసి, కుండలియ్యమ్మా అని అడిగి, నెత్తిన పెట్టుకుని పోవాలి. రాలేదంటే ఆ పెండ్లి ఆగినట్టే. నువ్వు వాటిని గూట్లో బొమ్మల లెక్క పేర్చినవు. మా అవ్వ దినాం పొద్దుగూకేటప్పుడు ఒక పెండ్లి ఆగిపోవుడు చూసింది. ఎన్ని రోజులు ఓర్సుకుంటది? తనే ఎత్తుకుని పోయింది.

తీసుకుపోయేవాళ్లను తీసుకురా. అబద్ధమని జంకకు. ఎవరో ఒకరు గడప ముందుకు వచ్చి ఆమెను అడగాలి. అంతే.

యాదవ్వ


నాంపల్లి
2 మార్చి 1964

వదినా,

మీ ఉత్తరం చేరిన రోజే మీ తమ్ముడిని తాళంచెవి అడిగాను. ఆయన ముందు గొంతెత్తడం అదే మొదటిసారి.

"మల్ల బయటికి పోతే?" అన్నారు.

"పోతే నన్ను కూడా ఆ దవాఖానలోనే వెయ్యండి" అన్నాను. ఆయన తాళంచెవి గూట్లో, కుండల పక్కన పెట్టి వెళ్లారు.

జయమ్మను అడగడం ఇంకా కష్టమైంది. ఎట్లా మొదలు పెట్టాలో తెలియక వాళ్ల గుమ్మంలో బిందె పట్టుకుని నిలబడ్డాను. పెండ్లిపిల్ల తల్లిలా వచ్చి కుండలు అడగమన్నాను. అంతా విని ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది. "పిల్ల తల్లినా నేను? ఛల్! పెండ్లిపిల్లను చెయ్యి, వస్త!" అంది. వాళ్లాయన లోపలి నుంచి, "ఎవ్వడొస్తడే నిన్ను చేసుకుంటందుకు?" అన్నాడు. "నువ్వొచ్చినవు గద, కండ్లు లేనోనివి" అంది. సాయంత్రానికి రేకు డబ్బా ఒకటి డప్పుగా పట్టుకుని, వాడలో ఆడవాళ్లను ముగ్గురిని వెంటేసుకుని వచ్చింది.

నేను గడపకు పసుపు రాశాను. లోపల అత్తమ్మ గోడ వైపే తిరిగి ఉన్నారు. డబ్బా చప్పుడుకు తల తిప్పారు. జయమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, "ఆలిశమైంది, కోపానికి రావద్దమ్మా. తొవ్వల బండి ఇరుసు ఇరిగింది. కుండలియ్యమ్మా" అంది. అత్తమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు. ఈమె కిటికీలో నీళ్లిచ్చే జయమ్మ కదా అంటారేమోనని నేను తలుపు చాటుకు జరిగాను.

"బియ్యమేవి? బియ్యం లేకుంట కుండలెట్లిస్త?" అన్నారు.

ఒళ్లో బియ్యం పోశాను. ఆమె లేచి, కుండలు ఒక్కొక్కటే దించి, ఆగిపోయారు. "నాలుగే ఉన్నయి. ఒకటి పల్గింది" అన్నారు. కళ్లనిండా నీళ్లు. ఇంటి పేరు మరిచారు, నన్ను మరిచారు, అది మాత్రం మరవలేదు. జయమ్మే, "పల్గితే పల్గింది. ఇంకోటి రాయి, మేం ఆగుతం. మాకు తొందరేమున్నది, పిల్లగాడు పారిపోతడా?" అని వాకిట్లో చతికిలబడింది. నేను పరుగెత్తి మా వంటింటి కుండ కడిగి తెచ్చాను. అత్తమ్మ దాన్ని కణుపుతో కొట్టి విని, "సున్నం పోరీ, పుల్ల నములు" అన్నారు.

నేను ఏడుస్తూ నమిలాను.

వాళ్లు కుండలు నెత్తిన పెట్టుకుని జయమ్మ ఇంటి దాకా డబ్బా కొట్టుకుంటూ పోయారు. ఆ సాయంత్రం అత్తమ్మ మూట కట్టలేదు. అన్నం తిని పడుకున్నారు.

అప్పటి నుంచి ఇదే పని. కుండలు జయమ్మ ఇంట్లోంచి చాటుగా తెచ్చుకుని, రంగు కడిగి, ఎండబెట్టి, కొత్తవని మళ్లీ ఆమె ముందు పెడుతున్నాను. ఐదూ ముగిసిన సాయంత్రమల్లా పెండ్లివాళ్లు వస్తారు. కడిగేటప్పుడు మాత్రం దొంగలా వెనక్కి చూసుకుంటాను. రాసిన ఐరేనిని కడగడం ఆమె కంట పడితే ఏమవుతుందో అని.

నిన్న ఆదివారం. బావ వచ్చారు. వాకిలి బయట రిక్షా ఆపే ఉంచారు. "అవ్వ బట్టలు మూట కట్టు" అన్నారు నాతో. నేను నల్లా దగ్గర ఉన్నాను. చేతిలో కుండ, కాళ్ల కింద ఎర్రటి నీళ్లు. మీ తమ్ముడు గోడకు ఆనుకుని తల వంచుకున్నారు. అప్పుడే అత్తమ్మ బయటికి వచ్చి నా ముందు నిలబడ్డారు. కుండను చూశారు, నీళ్లను చూశారు. ఆబిడ్స్‌లో విన్న అరుపు మళ్లీ నా చెవుల్లో మొదలైంది. బావ కూడా కదలకుండా నిలబడ్డారు.

"పెండ్లి అయిపోయిందా?" అన్నారు అత్తమ్మ.

"అయిపోయింది అత్తమ్మా."

"పిల్ల అత్తగారింటికి పోయిందా?"

"పోయింది."

"ఎట్లున్నది?"

బాగుందని చెప్పాలనుకున్నాను. రాలేదు. "భయపడుతున్నది" అన్నాను.

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ నా పక్కన కూర్చున్నారు. నా చేతిలో కుండ తీసుకుని తన కొంగుతో తుడిచారు. "కొత్తల గట్లనే ఉంటది. ఇంట్ల ఒక ముసల్ది ఉంటది గద, అది చూసుకుంటది తియ్యి" అన్నారు.

కాసేపటికి బావ బయటికి పోయారు. రిక్షా ఖాళీగా వెళ్లిన చప్పుడు వినబడింది. తిరిగి వచ్చి, తల్లి వైపు చూడకుండా, "ఉగాది దాంక చూద్దాం" అన్నారు. చిట్టీ చింపలేదు. జేబులోనే ఉంది.

కాబట్టి వదినా, ఉగాది వరకు ఆమె ఇక్కడే. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. తాళం మాత్రం మళ్లీ వేయలేదు.

ఐదో కుండ ఇప్పుడే ముగిసింది. జయమ్మ పొద్దున్నే వాళ్ల చెల్లెలి ఊరికి పోయింది, మిగతా వాళ్లు ఆమె లేకుండా రామన్నారు. అత్తమ్మ గడపలో కూర్చుని సందు వైపు చూస్తున్నారు. దొడ్డి తలుపు నుంచి బయటికి పోయి, సందు తిరిగి, నెత్తిన కొంగు కప్పుకుని నేనే ఆమె ముందుకు రావాలి. డబ్బా నేనే కొట్టాలి. వాడంతా చూస్తుంది. ఆమె నన్ను గుర్తుపడితే ఏం చేయాలో, గుర్తుపట్టకపోతే ఏం చేయాలో రెండూ తెలియవు.

పొద్దు వాలుతోంది. బియ్యం పళ్లెంలో పోసుకున్నాను. వెళ్తున్నాను.

విమల